సున్నాకి వెనక రోడ్డు

సాలూరు లారీ యార్డులో శివాజీ చేతి దెబ్బ తినని మనుషులు రెండు రకాలు. యార్డులోకి ఇంకా అడుగు పెట్టనివారు మొదటి రకం. శివాజీ లోడు వేసుకుని ఒడిశా వెళ్ళిన రోజు చూసి అడుగు పెట్టి, అతను తిరిగి వచ్చేలోగా పని ముగించుకుపోయినవారు రెండో రకం. మిగిలిన ప్రజానీకానికి ఆ చేతితో ఏదో ఒక స్థాయి పరిచయం ఉంది. కొందరికి చెంప ద్వారా, కొందరికి దవడ ద్వారా. ఇంత చరిత్ర ఉన్నా అతని మీద ఒక్క పోలీసు కేసు కూడా లేదు. ఫిర్యాదు చెప్పవలసిన దవడలు ఆ సమయానికి కట్లలో ఉండేవి.

మహనీయుల గొప్పతనం బాల్యంలోనే బయటపడుతుందంటారు. శివాజీ విషయంలో బయటపడింది పదో తరగతి లెక్కల పరీక్ష తప్పడం. లారీ డ్రైవరైన తండ్రి ఆ ఫలితాన్ని చక్రాలు విప్పే పానాతో కొడుకు వీపు మీద సమీక్షించాడు. ఆ సమీక్ష అయ్యాక కుర్రాడు బండెక్కేశాడు. ఇరవై ఏళ్ళు గడిచాయి. వర్గ సమీకరణం అన్న మాట వినబడితే ఆ వీపు ఇప్పటికీ జలదరిస్తుంది.

యార్డులో సీరియల్ అని ఒక ధర్మం ఉంది. ముందు వచ్చిన బండికి ముందు లోడు. ఇంత సులువైన న్యాయం ఉన్నచోట రోజూ తలలెందుకు పగలాలి? ముందు రావడమంటే ఏమిటన్న తాత్విక ప్రశ్న వల్ల. బండి ముందు రావాలా, మనిషి ముందు రావాలా, ముందు వచ్చి టీకి వెళ్ళిన మనిషి వచ్చినట్టా రానట్టా? ఈ చర్చలన్నీ డ్రైవర్ల చేతుల్లో ఎప్పుడూ ఉండే ఇనప రాడ్ల సాయంతో సాగుతాయి. అసలు ఆ రాడ్డు టైరు మీద కొట్టి గాలి ఎంత ఉందో చప్పుడుని బట్టి తెలుసుకోవడానికి. మనిషి మీద కొట్టినా చప్పుడు వస్తుందని కనిపెట్టినవాడెవరో తెలియదు. అలాంటి చర్చలను ముగించేవాడు శివాజీ.

ఒకనాడు ధనరాజ్ అనే డ్రైవరు తన బండిని సీరియల్ మధ్యలో దూర్చాడు. శివాజీ అతన్ని కేబిన్‌లోంచి లాగి ముఖం మీద ఒకటి ఇచ్చాడు. ధనరాజ్ ముక్కులోంచి రక్తం కారి చొక్కా బొత్తాల దాకా వచ్చింది. సాయంత్రం శివాజీ ఇంటి మీదికి ఎవరో రాయి విసిరారు. శివాజీకోసం విసిరిన రాయి అది. వాకిట్లో బియ్యం చెరుగుతున్న అతని భార్య రేఖ నుదుటికి తగిలింది. చేటలో బియ్యం ఎర్రబడ్డాయి.

శివాజీ రాడ్డు తీశాడు. రేఖ ఒక చేత్తో నుదురు అదిమిపెట్టుకుని, రెండో చెయ్యి గుమ్మానికి అడ్డం పెట్టింది.

"ఎక్కడికెల్తన్నావు?"

"ఆడి బుర్ర పగలగొట్టొస్తాను."

"తర్వాత?"

"తర్వాతేటి? పగిలిపోద్ది."

"తర్వాత ఆడి బావమరుదులు ఇంకో రాయట్టుకొస్తారు. అప్పుడు నువ్వింట్లో ఉండవు మావా, ఇంకెవడిదో బుర్ర పగలగొడతంటావు. ఇంట్లో ఉండేది నాను."

జీవితంలో అతనికి జవాబు లేని సందర్భాల్లో చెయ్యి లేచేది. ఈసారి అదీ లేవలేదు.

నుదుటి మీద కుట్లు వేయించుకుని మర్నాడు రేఖ చీపురుపల్లి పుట్టింటికి బస్సెక్కింది. ఎక్కేముందు తన షరతు చెప్పింది. "సీరియల్ పిలిచే ముసలాయన కుర్సీ దిగిపోతాడంట. ఆ కుర్సీలో నువ్వు కూకున్న రోజు కబురెట్టు. ఈలోగా ఎవుడిమీదైనా సెయ్యెత్తినావని తెలిసినాదా, కబురెట్టకు. నానింక రాను."

ముసలాయన అంటే యార్డు సూపర్‌వైజరు నారాయణమూర్తి. మోకాళ్ళ నొప్పులతో దిగిపోతున్నాడు. ఆ కుర్చీ మీద ధనరాజ్‌కీ కన్నుంది. అతను పదో తరగతి పాసు. అంచేత లారీ సంఘం సమావేశంలో విద్యాభివృద్ధి మీద హఠాత్తుగా మక్కువ పుట్టి, సూపర్‌వైజరుకి పదో తరగతి సర్టిఫికెట్ ఉండాలనీ, పోలీసు కేసు ఉండకూడదనీ తీర్మానం పెట్టించాడు. నారాయణమూర్తి మాత్రం, ఓపెన్ స్కూలు పరీక్ష ఫలితాలు వచ్చేదాకా తన మోకాళ్ళు ఓర్చుకోగలవని ప్రకటించాడు. ఆయనకి శివాజీ అంటే అభిమానం. సీరియల్ తగాదాల్లో మిగతావాళ్ళ చేతులనుంచి తన దవడని కాపాడినవాడు శివాజీ ఒక్కడేనని ఆయన లెక్క.

శివాజీ ఓపెన్ స్కూల్లో పరీక్షకి కట్టాడు. మిగతా సబ్జెక్టులకి భయం లేదు. లెక్కలకోసం శివాజీ విశాలి దగ్గరికి వెళ్ళాడు.

విశాలి వాళ్ళది సంగీతం ఇల్లు. తాత వేంకటాచలంగారు మృదంగం నేర్పేవారు. తాళం తప్పిన శిష్యుల వేళ్ళ కణుపుల మీద ఆయన చింతకర్ర తాళం వేసేది. సంగీతం ఆయనతో పోయింది. కర్ర మనవరాలికి మిగిలింది. బీఈడీ చదివి, అరిగిన టైర్లకి కొత్త రబ్బరు పట్టించే రీట్రెడింగ్ షెడ్డు వెనక వరండాలో, కాలుతున్న రబ్బరు వాసన మధ్య ఆమె పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెబుతుంది. మనిషి పలచన. గొంతు మెత్తన. పెద్దవాళ్ళని ఏకవచనంలో పిలవడం ఆ ఇంట్లో లేదు.

"శివాజీగారూ, దయచేసి చెయ్యి చాపండి," అంది మొదటి రోజే.

శివాజీ చాపాడు. కర్ర కణుపుల మీద పడింది. ఎదురుగా బస్సొస్తున్నా పక్కకి జరగని ఆ మనిషి "ఓలమ్మో!" అని లేచి నిలబడ్డాడు. పిల్లలు ఆ రోజుని పండగలా జరుపుకున్నారు.

"ఎందుకు కొట్టినావు టీచరమ్మా?"

"x స్క్వేర్ అంటే రెండు x లు అని రాశారు. కూర్చోండి."

ఎన్నో దవడలు చూసిన పిడికిలిని విశాలి ఇలా రోజూ కొట్టేది. శివాజీ తిరిగి చెయ్యెత్తలేదు. ఎత్తకూడదన్న షరతు ఒకటైతే, కొట్టే ముందు ఆవిడ 'దయచేసి' అనడం రెండోది. దయ చేసి కొట్టేవాళ్ళని ఏం చెయ్యాలో యార్డులో ఎవరూ అతనికి నేర్పలేదు.

ఒకరోజు లారీ లెక్క వచ్చింది. రెండువందల నలభై కిలోమీటర్ల దారి. లారీ గంటకి ఎనిమిది కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళితే గంట ముందు చేరుతుంది. అసలు వేగం ఎంత? నాలుగు కాగితాలు చించి, రెండు దెబ్బలు తిని, శివాజీ x స్క్వేర్ ప్లస్ ఎనిమిది x మైనస్ పంతొమ్మిదివందల ఇరవై ఈజ్ ఈక్వల్ టు సున్నా దాకా వచ్చి, దాన్ని సాధించి కూడా పెట్టాడు. రెండు జవాబులు తేలాయి. ఒకటి నలభై. రెండోది మైనస్ నలభై ఎనిమిది.

"మైనస్ స్పీడేటి టీచరమ్మా? బండి రివర్సులో రాయపూర్ ఎల్తాదేటి?"

"వేగం రుణాత్మకం కాదు కాబట్టి ఈ లెక్కలో వదిలేయొచ్చు. కానీ ఎందుకు వదిలేశారో రాసి మరీ వదిలేయాలి."

ఈ వాక్యంలో శివాజీ చెవికి ఎక్కింది 'వదిలేయొచ్చు' అన్న మాటొక్కటే. ఆనాటి నుంచి మైనస్ గుర్తున్న ప్రతి జవాబునీ, సీరియల్‌లో అడ్డంగా దూరిన బండిని లాగినట్టు లాగి అవతల పారేశాడు.

గ్రాఫుల దగ్గర అది బయటపడింది. y ఈజ్ ఈక్వల్ టు x స్క్వేర్ మైనస్ నాలుగు గియ్యమంది విశాలి. శివాజీ సున్నా దగ్గర మొదలుపెట్టి, కుడివైపు చుక్కలు పెట్టి, గీత పైకి లాగి ఆపేశాడు. గిన్నెలా రావలసిన పరావలయం మంగలి సగంలో వదిలేసిన మీసంలా వచ్చింది.

"రెండో సగం ఏది?"

"సున్నాకి వెనక రోడ్డేటి టీచరమ్మా? సాలూరు స్టాండులో బండి తీసినప్పుడు మీటరు సున్నా ఎడతాను. అక్కణ్ణించి ముందుకే."

"స్టాండు సున్నా అనుకుందాం. ముందు ఒడిశా. మరి స్టాండు వెనక బొబ్బిలి లేదూ?"

"బొబ్బిలి నాకెందుకు? నా లోడ్లన్నీ ఘాట్ వైపే."

"మీ ఆవిడగారు చీపురుపల్లిలో ఉన్నారు కదా. అది ఏ వైపు?"

చీపురుపల్లి బొబ్బిలికి అవతల ఉంది.

"దయచేసి చెయ్యి చాపండి," అంది విశాలి.

దెబ్బ తిన్నాడు కానీ అలవాటు చావలేదు. ఇంటికి పోయి మళ్ళీ సగం మీసాలే గీశాడు. ఇరవై ఏళ్ళు ముందు అద్దంలోంచి మాత్రమే లోకాన్ని చూసిన మనిషికి వెనక కూడా లోకం ఉందని పుస్తకం చెబితే నమ్మకం కుదరదు. చెప్పవలసినవాళ్ళు వేరే ఉన్నారు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ధనరాజ్‌కి కంగారు పుట్టింది. శివాజీ నిజంగానే చదువుతున్నాడని టీ కొట్టువాడు చెప్పాడు. అంతకంటే ఘోరం, ఎవరినీ కొట్టడం లేదని కూడా చెప్పాడు. ఒక మధ్యాహ్నం ధనరాజ్ బావమరుదులిద్దరూ యార్డులో శివాజీకి ఎదురొచ్చారు.

"ఏటి బావా, ట్యూషనుకెల్తన్నావా? పలకట్టుకెల్తన్నావా?"

"పెల్లాం ఎలిపోయినాదంట కదరా. పాఠం సెప్పడానికి ఇంకో అమ్మిని ఎట్టుకున్నాడు."

శివాజీ చెవులు ఎర్రబడ్డాయి. కుడి పిడికిలి దానంతట అది బిగిసింది. దాన్ని అతను ఎడంచేత్తో పట్టుకుని వీపు వెనక్కి లాగి అక్కడే నొక్కిపెట్టాడు. లేగదూడని గుంజకి కట్టేసినట్టు తన చేతిని తనే కట్టేసుకున్నాడు. కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్న ఇద్దరి మీద ఉన్నాయి. వెనక్కి చూడవలసిన అవసరం అతనికి తోచలేదు. సున్నాకి వెనక రోడ్డు లేదు కదా.

వెనక ధనరాజ్ ఉన్నాడు. చేతిలో రాడ్డుంది. వీపు వెనక, కొట్టడానికి అనువుగా, శివాజీ స్వయంగా పట్టుకుని అందించిన కుడి ముంజేయి ఉంది.

ఎండు కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. శివాజీ మోకాళ్ళ మీద పడ్డాడు. పడ్డవాణ్ణి ముగ్గురూ కలిసి తన్నారు. పెదవి చీలింది. కనుబొమ తెగి ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది. పక్కటెముకల మీద బూటు పడ్డప్పుడల్లా లోపలినుంచి గాలి మూలుగులా బయటికొచ్చింది. శివాజీ దెబ్బలు తినడమనే అపూర్వ దృశ్యం చూడ్డానికి టీ కొట్టువాడు స్టవ్ ఆర్పి మరీ వచ్చాడు. శివాజీ ఎడంచెయ్యి ఖాళీగానే ఉంది. ఆ ఒక్క చేత్తో ముగ్గురినీ మట్టి కరిపించగలడని అక్కడున్న అందరికీ తెలుసు. అతను ఆ చేత్తో నేల మీది మట్టి గుప్పెడు పట్టుకుని, అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఇప్పుడు రాయి బావా పరీక్ష," అన్నాడు ధనరాజ్ రాడ్డు తుడుచుకుంటూ.

కేసు పెట్టవచ్చు కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఇటువాళ్ళు కేసు పెడితే అటువాళ్ళు కౌంటరు కేసు పెడతారు. అప్పుడు తీర్మానం ప్రకారం ఇద్దరికీ కుర్చీ ఉండదు. అది ధనరాజ్‌కీ తెలుసు, శివాజీకీ తెలుసు. జారి పడ్డానని ఆసుపత్రిలో రాయించుకున్నాడు. దేని మీంచి జారి పడితే ముఖం మీద బూటు అచ్చు పడుతుందని డాక్టరు అడగలేదు. సాలూరులో ఎముకల డాక్టరుకి ఆ మాత్రం లోకజ్ఞానం ఉంటుంది.

సాయంత్రం ఫోను మోగింది. రేఖ.

"సెయ్యిరిగినాదంట."

"ఊఁ."

"తిరిగి కొట్టినావా?"

"లేదు."

అవతలనుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"ఎడం సెయ్యి బాగున్నాదా?"

"ఉన్నాది."

"అయితే దాంతో రాయి," అని పెట్టేసింది.

మర్నాడు విశాలి వచ్చింది. ఒక చేతిలో బత్తాయిలు, రెండో చేతిలో గ్రాఫు కాగితాలు, చంకలో కర్ర.

"ఎదురుగా ఎంతమంది ఉన్నారు శివాజీగారూ?"

"ఇద్దరు."

"మరి దెబ్బ ఎటునుంచి వచ్చింది?"

"ఎనకనించి."

"వెనక ఎవరూ ఉండరని ఎవరు చెప్పారు?"

శివాజీ సిమెంటు కట్టు వంక చూసుకున్నాడు. తండ్రి పానాకీ, విశాలి కర్రకీ లొంగని పాఠం ధనరాజ్ రాడ్డుకి లొంగింది. విద్యాబోధనలో ఇది కొత్త పద్ధతి కాదు గాని, ఇంత ఖర్చుతో కూడుకున్నది అరుదు.

"కాగితం ఇటియ్యి టీచరమ్మా," అన్నాడు. "రెండేపులా గీస్తాను."

జవాబులు రాసిపెట్టే మనిషిని అడిగే గడువు అప్పటికే దాటిపోయింది. ఎడంచెయ్యి అంకెల్ని బోర్లా పడేసేది. గీత పాములా పాకేది. విశాలి కుడిచేతికి సెలవిచ్చి ఎడంచేతి కణుపుల్ని సేవించుకుంది. మెల్లగా గీత నిలబడింది. పైనుంచి దిగి, అడుగున మలుపు తిరిగి, మళ్ళీ అంతే ఒడుపుగా పైకి లేచింది. ఘాట్ రోడ్డులో మలుపు తిప్పేటప్పుడు స్టీరింగుకి ఇచ్చే వాటం ఎడంచేతికి గుర్తుకొచ్చింది.

ఒక్క లెక్క దగ్గర మాత్రం మొండికేశాడు. మేడ మీంచి పైకి విసిరిన రాయి ఎన్ని సెకన్లకి నేలని తాకుతుంది? పుస్తకం మూసేశాడు.

"ఇది సెయ్యను."

"ఎందుకని?"

"ఇసిరిన రాయి ఎక్కడ పడతాదో నాకు తెలుసు."

విశాలి కర్ర కింద పెట్టింది. ఆ లెక్క ఆ రోజుకి అక్కడితో వదిలేసింది.

పరీక్ష రోజు గదిలో కాపలా ఉన్నావిడ శ్యామలాంబగారు. చీలిన పెదవి, కుట్లు పడ్డ కనుబొమ, మెడలోంచి వేలాడే కట్టు ఉన్న ఈ విద్యార్థిని చూసి ఆవిడ హడలిపోయింది.

"ఏమైంది బాబూ?"

"గ్రాఫులు నేర్సుకున్నానమ్మా."

మిగతా విద్యార్థులు స్కేలు పెట్టి చుక్కల్ని కలుపుతున్నారు. వాళ్ళ గ్రాఫులు విరిగిన పళ్ళ వరసల్లా ఉన్నాయి. శివాజీకి y ఈజ్ ఈక్వల్ టు x స్క్వేర్ మైనస్ రెండు x మైనస్ ఎనిమిది వచ్చింది. ముందు ఎడమవైపు, బొబ్బిలి పక్క, చుక్కలు పెట్టాడు. తరవాత కుడివైపు. చెమట కాగితం మీద పడకుండా తల పక్కకి తిప్పి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపులో గీత లాగాడు. అది అడ్డగీతని రెండుచోట్ల కోసింది. ఇటు నాలుగు దగ్గర, అటు మైనస్ రెండు దగ్గర. రెండూ రాశాడు. ఒక్కదాన్నీ పారేయలేదు.

చివరి ప్రశ్న చూసి పెన్ను ఆగిపోయింది. రాయి. పదిహేను మీటర్ల ఎత్తునుంచి పైకి విసిరారు. నేలని ఎప్పుడు తాకుతుంది?

కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. చేటలో ఎర్రబడ్డ బియ్యం కనిపించాయి. పాసవ్వాలంటే ఇదీ కావాలని లోపల లెక్క తేలుతూనే ఉంది. పెన్ను దించాడు. t కి రెండు విలువలు వచ్చాయి. మూడు, మైనస్ ఒకటి. మూడు సెకన్లకి రాయి పడుతుందని రాశాడు. ఎందుకు వదిలేశారో రాసి మరీ వదిలేయాలన్న మాట అప్పుడు పూర్తిగా చెవికెక్కింది. ఎడంచేత్తో, వంకర అక్షరాలతో రాశాడు: 'మైనస్ ఒకటి వదిలేశాను. ఎందుకనగా అది రాయి విసరకముందు కాలము. ఆ కాలము మనకు తిరిగి రాదు.'

దిద్దినవారు ఆ వాక్యానికి మార్కులిచ్చారో, జాలిపడ్డారో చెప్పలేం. శివాజీ లెక్కల్లో పాసు గీతని, ఘాట్ రోడ్డులో పిట్టగోడని రాసుకుంటూ పోయే బండిలా, రాసుకుంటూ దాటాడు.

నారాయణమూర్తి మోకాళ్ళు ఫలితాలొచ్చిన సాయంత్రమే రాజీనామా చేశాయి. శివాజీ చీపురుపల్లికి కబురుపెట్టి, మర్నాడు ఉదయం కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ ఎన్నో ఏళ్ళుగా ఒడిశా రోడ్డుకి ఎదురుగా ఉండేది. అతను దాన్ని అడ్డంగా తిప్పాడు. ఇప్పుడు కుడిచేతి వైపు ఒడిశా, ఎడంచేతి వైపు బొబ్బిలి. యార్డువాళ్ళు వాస్తు అనుకున్నారు.

ధనరాజ్ బండి వచ్చింది. వచ్చి నేరుగా వరస ముందు నిలబడింది.

"సీరియల్ ఎనకుంది బావా," అన్నాడు శివాజీ.

"ఎవుడ్రా సెప్పడానికి? అవిటి సేత్తో పరీక్ష రాసినోడివా?"

"ఎనక్కి తియ్యి."

శివాజీ లేచి, పక్కనున్న లారీ ముందు టైరుకి చేరగిలబడి, పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ధనరాజ్ బండి దిగి, చుట్టూ తిరిగి, బొబ్బిలి పక్కనుంచి వచ్చాడు. ఈసారి గురి చేతిమీద లేదు. తలమీద ఉంది. రాడ్డు రెండు చేతుల్తో ఎత్తి బలమంతా పెట్టి కొట్టాడు.

శివాజీ అప్పటికే ఆ వైపు చూస్తున్నాడు. పక్కకి జరిగాడు. రాడ్డు దిగి టైరు మీద పడింది.

నిండుగా గాలున్న టైరు మీద ఇనప రాడ్డుని మెల్లగా తట్టాలన్నది యార్డులో క్లీనరు కూడా ఎరిగిన సంగతి. బలంగా కొడితే టైరు ఉంచుకోదు, ఇచ్చినంతా తిరిగి ఇచ్చేస్తుంది. రాడ్డు వచ్చినంత వేగంగానూ వెనక్కి లేచి యజమాని నోటిని చేరింది. పచ్చి కొబ్బరికాయ పగిలినట్టయింది. ధనరాజ్ వెల్లకిలా పడ్డాడు. ముందు పళ్ళు శివాజీ కాళ్ళ దగ్గర పడ్డాయి. రక్తం తుంపరగా లేచి శివాజీ కొత్త తెల్లచొక్కా నిండా పడింది.

సరిగ్గా అప్పుడు బొబ్బిలి బస్సు ఆగింది. సంచి పట్టుకుని రేఖ దిగింది.

ఆమెకి కనిపించింది ఇది: నేల మీద నోరు పగిలి మూలుగుతున్న ధనరాజ్. వాడి తల దగ్గర నిలబడి, చొక్కా నిండా రక్తంతో తన మొగుడు. ఆమె నుదుటి మచ్చ ముడుచుకుంది. బస్సు ఇంకా కదల్లేదు. ఆమె ఒక చెయ్యి ఇంకా బస్సు కడ్డీ మీదే ఉంది.

"సెయ్యెత్తినావా?"

"లేదే. ఒట్టు."

"ఎత్తలేదమ్మా, టైరు కొట్టినాది!" అని టీ కొట్టువాడు అరిచాడు. యార్డంతా వంత పాడింది. టైరు మనిషిని కొట్టిందని ఇంతమంది మగాళ్ళు ఒక్క గొంతుతో చెబితే ఏ ఆడమనిషి నమ్ముతుంది? రేఖ నమ్మలేదు. మగాళ్ళ సాక్ష్యం ఆమె ఎప్పుడూ తీసుకోలేదు. సంచి కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"సేతులు సాపు."

శివాజీ చాపాడు. ఈ మధ్య బాగా అలవాటైన పని.

మనిషి పళ్ళు రాలగొట్టిన పిడికిలి ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. పెళ్ళయినప్పటినుంచి ఆ కణుపులకి పసుపు అద్దుతున్నది ఆమే. కుడిచెయ్యి తిప్పి చూసింది. కట్టు విప్పాక సన్నబడిన చెయ్యి, చర్మం చెక్కు చెదరలేదు. ఎడంచెయ్యి తిప్పింది. కణుపుల మీద వరసగా కమిలి నల్లబడ్డ పాత గీతలు.

"ఇయ్యేటి?"

"లెక్కలు."

"ఎవులు కొట్టినారు?"

"టీచరమ్మ. గారూ అని పిలిసి మరీ కొట్టినాది."

రేఖ ఆ వేళ్ళని అలాగే పట్టుకుని, బస్సు వెళ్ళిపోవడం తల తిప్పకుండానే విన్నది. పెదవి చివర ఏదో కదిలింది గాని నవ్వు దాకా రానివ్వలేదు. కొంగుతో అతని చొక్కా మీది రక్తం తుడవబోయి, అది తుడిస్తే పోయేది కాదని మానేసింది. నేల మీది ధనరాజ్‌ని ఇద్దరు బావమరుదులూ భుజాలు పట్టి లేపుతున్నారు.

"ఆడి బండి ఎనక్కి తీయించు, దారికడ్డంగా ఉన్నాది," అంది. కుర్చీ పక్కనే సంచి పెట్టి, దాని మీద కూర్చుంది. "పిలు మరి. అందరూ నిలబడున్నారు."

శివాజీ కూర్చున్నాడు. ముందు ఎడమవైపు చూశాడు. తరవాత కుడివైపు చూశాడు. గొంతు సవరించుకుని మొదటి బండిని పిలిచాడు.